ఆ పూటకి వీధి ఎవరిది?

న్యూయార్క్‌లోని ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ మనవాళ్లకు గణేశ గుడి వీధిగానే తెలుసు. 1977లో కుంభాభిషేకం జరిగిన ఆ గుడి అమెరికాలో మన సంప్రదాయ పద్ధతిలో కట్టిన తొలి ఆలయాల్లో ఒకటి. 2022లో నగరం ఆ వీధికి ‘గణేశ్ టెంపుల్ స్ట్రీట్’ అనే పేరు కూడా జతచేసింది. చవితి ఉత్సవాల ముగింపులో స్వామి రథమెక్కి ఫ్లషింగ్ వీధుల్లోకి బయల్దేరతాడు. చుట్టుపక్కల ఉండేవాళ్లలో ఎక్కువమంది చైనీయులు, కొరియన్లు. వాళ్ల ఇళ్ల ముందు నుంచే ఊరేగింపు సాగుతుంది. పోలీసులు దారి ఆపుతారు, రథం దాటాక వదులుతారు.

అదే వీధిలో జాన్ బౌన్ కట్టుకున్న ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. 17వ శతాబ్దంలో ఆ ప్రాంతం డచ్చివారి ఏలుబడిలో ఉండేది. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారికి ఎవరూ చోటివ్వకూడదని పాలకుడు పీటర్ స్టైవెసాంట్ ఆజ్ఞ వేస్తే, 1657లో ఫ్లషింగ్ వాసులు 30 మంది దాన్ని కాదంటూ సంతకాలు పెట్టారు. తమ మతం కోసం కాదు, పక్కవాడి మతం కోసం. కొన్నేళ్లకు బౌన్ తన ఇంట్లోనే క్వేకర్ల ప్రార్థనకు చోటిచ్చి అరెస్టయ్యాడు, దేశం నుంచి వెలివేయించుకున్నాడు, ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్లి వాదించి గెలిచి తిరిగొచ్చాడు. ఆ మనిషి పేరున్న వీధిలోనే వినాయకుడి గుడి వెలవడం యాదృచ్ఛికమే. అయినా అక్కడ రథం లాగే చేతులకు ఈ కథ తెలిసి ఉంటే బాగుంటుంది. పక్కవాళ్లు ఓర్చుకుంటేనే పండగ వీధిలోకి వస్తుంది.

పండగ కోసం నగరం రోడ్డు మూయాలా అన్న ప్రశ్న స్వదేశంలో మనకు పెద్దగా తట్టదు. వీధి మొగలో గుంజలు పాతి, షామియానా కట్టి, తొమ్మిది రోజులు దారి మళ్లించినా ఇరుగుపొరుగు సణుక్కుంటూనే ప్రసాదానికి వస్తారు. హైదరాబాద్‌లో నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి హుస్సేన్ సాగర్ దాకా ట్రాఫిక్ ఆంక్షలుంటాయి. ఏ దారి ఎప్పుడు మూస్తారో పేపర్లో ముందే వస్తుంది, ఊరు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. విదేశంలో అలా కాదు. అడ్డుకట్ట దగ్గర ఆగిన కారులోని మనిషికి ఇది ఏ పండగో తెలియదు, ప్రసాదం మీద ఆశా లేదు. ఆగినవాళ్లంతా పరాయివాళ్లేనని కూడా కాదు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్న మలయాళీ నర్సు కావచ్చు, టాక్సీ నడుపుకుంటున్న పంజాబీ పెద్దాయన కావచ్చు.

అందుకే అక్కడ ప్రతిదానికీ కాగితం కావాలి. న్యూయార్క్‌లో పెరేడ్‌కు పోలీసు శాఖే అనుమతి ఇవ్వాలి. ఫిఫ్త్ అవెన్యూ మీద ఎప్పటినుంచో నడుస్తున్నవి తప్ప కొత్త పెరేడ్లను రానివ్వరు. 2010లో ఓవర్‌టైమ్ ఖర్చు తగ్గించుకోవడానికి నగరం పెరేడ్ల దారిని నాలుగో వంతు కుదించి, అయిదు గంటలకు మించకూడదని గీత గీసింది. ఐరిష్ వాళ్లయినా మనమైనా ఆ గీత ఒకటే. ఇది చిన్నచూపు కాదు. పోలీసుల గంటలకు జీతం కట్టేది పన్ను చెల్లించే ప్రతివాడూ. వాడు లెక్క అడుగుతాడు.

మాడిసన్ అవెన్యూ మీద ఇండియా డే పెరేడ్ 1981 నుంచీ సాగుతోంది. ఎంచుకున్నది ఆగస్టు ఆదివారం, ఆఫీసులు మూసి ఉండే వేళ. 2022లో అల్లు అర్జున్, 2025లో విజయ్ దేవరకొండ, రష్మిక మందన్న గ్రాండ్ మార్షల్స్‌గా వచ్చారంటే తెలుగు జనం ఎంత విరగబడి ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు. మంచి సంబరమే. తారను దగ్గరగా చూసిన తృప్తి జనానికి దక్కింది, పక్క భవనంలో ఉండే అమెరికన్‌కు ఏం దక్కిందన్నది మాత్రం ఎవరూ అడగరు.

న్యూజెర్సీ ఓక్ ట్రీ రోడ్డు మీద 2022 ఆగస్టులో జరిగింది ఇంకా ఆలోచించాల్సిన సంగతి. స్వాతంత్ర్య దినోత్సవ పెరేడ్‌లో ప్రధాని మోదీ, యూపీ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ బొమ్మలతో ఒక బుల్డోజర్ నడిచింది. ముస్లింల ఇళ్లు కూల్చడానికి అది గుర్తుగా మారిందని భారతీయ ముస్లింలు, ఇతరులు అభ్యంతరం చెప్పారు. చివరికి నిర్వాహకులైన ఇండియన్ బిజినెస్ అసోసియేషన్ వారు ఆ రోడ్డు సాగే ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్ ఊళ్ల మేయర్లకు క్షమాపణ లేఖ రాశారు. అద్దె హాల్లో తలుపులేసుకుని ఏం ప్రదర్శించుకున్నా అది మన గొడవ. జనం సొమ్ముతో మూసిన రోడ్డు మీద అలా కుదరదు. ఆ వీధిలో దుకాణం ఉన్న ప్రతి మతస్థుడికీ దాని మీద మాట ఉంటుంది. రోడ్డు మూయకూడదనడానికి ఇది కారణం కాదు. నాలుగు గోడల మధ్య బయటపడని తేడాలు వీధిలో బయటపడి, జవాబు చెప్పించాయి.

ఇంగ్లండులోని లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డు దీపావళికి దీపాల తోరణాలతో మెరిసిపోతుంది, జనం పోటెత్తుతారు. చివరికి ఆ రద్దీయే చిక్కు తెచ్చింది. తొక్కిసలాట భయంతో 2025లో దీపావళి రోజు స్టేజీ, బాణసంచా మానేశారు. దీపాలు ఉంచి, జనం నడవడానికి రోడ్డు మాత్రం మూశారు. హంగులు పోయి దారి మిగిలింది. అక్కడి గుజరాతీ పెద్దలు చాలామంది నొచ్చుకుని ఉంటారు. కానీ ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తే మైకుల్నే వదులుకోవాలి.

ముందే తెలిస్తే జనం ఓర్చుకుంటారనడానికి కొలంబియా రాజధాని బొగోటా సాక్ష్యం. 1974లో మొదలైన సిక్లోవియా కింద అక్కడ ప్రతి ఆదివారం ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు కార్లకు మూసేస్తారు. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్ల కోసం బండ్లు ఆపడం కూడా అలవాటైపోయిన సంగతే. వేళ తప్పదని తెలిస్తే డ్రైవరు వేరే దారి చూసుకుంటాడు. ఊరేగింపు గంటలు గంటలు సాగదీస్తేనే తిట్లు.

బతుకమ్మకు అసలు అవెన్యూ అక్కర్లేదు, ఒక వలయం పట్టేంత చోటు చాలు. ఇప్పుడు అమెరికాలో చాలా ఊళ్లలో స్కూలు జిమ్‌లు అద్దెకు తీసుకుని ఆడుతున్నారు. వీధిలో ఎవరూ చూడరు, గౌరమ్మ ఎవరని ఎవరూ అడగరు. న్యూయార్క్‌లో ఒక్క బ్లాకు మూసి చేసుకునే వీధి విందుకు దరఖాస్తు రుసుము 25 డాలర్లు. రెండు నెలల ముందు అడగాలి, అమ్మకాలు పెట్టకూడదు, ఫైరింజను పట్టేంత దారి వదలాలి. ఈ షరతుల్లో బతుకమ్మకు అడ్డొచ్చేది ఒక్కటీ లేదు. ఇంటింటికీ తిరిగి పొరుగువాళ్లకు ముందుగా చెప్పే పని మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి. తంగేడు దొరకని చోట వాళ్ల పెరటి బంతిపూలు కూడా అడగొచ్చు.