నీలి అంటిన చేతులు



మన బస్తీలో ఏ కార్యక్రమం జరిగినా నీలి రంగే ముందుంటది. ఏప్రిల్ 14 వచ్చిందంటే వికారాబాద్‌లో చూసినా తాండూరులో చూసినా బాబాసాహెబ్ విగ్రహం చుట్టూ నీలి జెండాలే. అయితే ఆ రంగు గుడ్డకు ఎట్లా ఎక్కుతదో, ఎక్కించిన చేతుల్ని ఈ దేశం ఎట్లా చూసిందో మనం ఎన్నడన్నా అడిగినమా? ఇప్పుడు అడగాల్సిన అవసరం వచ్చింది.

హైదరాబాద్‌లో ఈ మధ్య ఆదివారం పూట పదిమంది ఒకచోట కూడి, చాయ తాగుకుంట, ముచ్చట పెట్టుకుంట, తెల్లగుడ్డలకు ముడులు కట్టి నీలి తొట్టిలో ముంచుతున్నరు. ఫీజు కట్టి మరీ నేర్చుకుంటున్నరు. అది చూసిన మన పిల్లలు, "మన విహారంలో కూడా పెట్టుకుందాం, మన జెండా మనమే అద్దుకుందాం" అంటున్నరు. పెద్దలకు ఇది నచ్చుతలేదు. "మా నాయినలు లంద కాడ చేతులు నానబెట్టి నానబెట్టి ఇసిగిపోయిన్రు బిడ్డా. ఆ తొట్టి, ఆ వాసన ఇడిసిపెట్టనీకే గదా మనం ధమ్మంలకు వచ్చినం. మళ్ళ అండ్ల చేతులు పెట్టుడెందుకు?" అంటున్నరు. ఈ రెండు మాటల్లో దేన్నీ తేలికగా కొట్టిపారేయలేం.

ముందు ఆ పని సంగతి చూద్దాం. నీలి మొక్క ఆకును నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళను బాగా చిలికితే అడుగున నీలం పేరుకుంటది. దాన్ని ఆరబెట్టి ముద్దలు చేస్తరు. ఆ ముద్ద ఉత్త నీళ్ళలో కరగదు. సున్నం, బెల్లం, ఉడికించిన తగిరిస గింజలు వంటివి కలిపి కొన్ని రోజులు పులియబెట్టాలి. పులిసినాక నీళ్ళు పసుపుపచ్చగా మారుతయి, ఘాటు వాసన కొడుతది. అందులో ముంచి తీసిన గుడ్డ మొదట ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే నీలంగా మారుతది. ఇందులో మంత్రం లేదు, మహిమ లేదు. గాలిలోని ఆక్సిజన్ చేసే పని అది. ఆకు, సున్నం, పులుపు, గాలి, మనిషి చెయ్యి ఇవన్నీ కలిస్తేనే రంగు. కారణాలు కూడితేనే ఫలితం అని బుద్ధుడు చెప్పింది కూడా ఇదే.

బుద్ధునికి రంగులద్దే పని కొత్తది కాదు. మజ్ఝిమ నికాయంలోని ఏడవ సుత్తం వత్థూపమ సుత్తం. మురికి గుడ్డను నీలంలో ముంచినా, పసుపులో ముంచినా, ఎరుపులో ముంచినా రంగు సరిగ్గా పట్టదనీ, శుభ్రమైన గుడ్డకే పడుతదనీ అందులో చెప్తడు. మనసు కూడా అంతే అంటడు. రంగులద్దేవాని అనుభవంలో నుంచి తీసిన పోలిక ఇది. ఆ పనిలో ఆయనకు అంటు కనిపించలేదు, తెలివి కనిపించింది.

మరి మనువుకు ఏం కనిపించింది? మనుస్మృతి నాలుగో అధ్యాయం రంగులద్దేవాని అన్నం, చాకలి అన్నం తినకూడదన్నది. పదో అధ్యాయం, కష్టకాలంలో వ్యాపారం చేసుకుని బతికే బ్రాహ్మణుడు కూడా అమ్మకూడని సరుకుల్లో నీలిని చేర్చింది. రంగు బట్ట కట్టుకునే సమాజం ఆ రంగు వేసిన మనిషిని గడప బయట నిలబెట్టింది. బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో తగలబెట్టిన పుస్తకం ఇదే.

నీలికి ఇంకో చరిత్ర ఉన్నది. మన దిక్కు కడప, నెల్లూరు, కర్నూలు ప్రాంతాల్లో నీలి పండించి మద్రాసు నుంచి ఓడల్లో పంపేవారు. బెంగాల్‌లో తెల్లదొరలు రైతుకు బయానా అప్పు అంటగట్టి, వరి పండే నేలలో నీలి వేయించిన్రు. అది భరించలేక 1859లో రైతులు తిరగబడ్డరు. బీహార్‌లోని చంపారణ్‌లో 20 కట్టల నేలకు 3 కట్టల్లో నీలి వేసి తీరాలన్న నిర్బంధం ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా సాగింది. 1897లో జర్మనీలో కృత్రిమ నీలం అమ్మకానికి వచ్చినాకనే ఈ సాగు కూలిపోయింది.

ఇప్పుడు ఆలోచించండి. మొక్క ఒక్కటే, రంగు ఒక్కటే. అది ఒకరికి అంటు అయింది, ఇంకొకరికి అప్పు అయింది, మరొకరికి ఆదివారం సరదా అయింది. తేడా తొట్టిలో లేదు. అందులో చెయ్యి పెట్టే మనిషికి "నేను చెయ్యను" అనే హక్కు ఉందా లేదా అన్న దాంట్లో ఉంది. కులం అనేది పని విభజన కాదు, పనివాళ్ళనే విడగొట్టి ఒకరి మీద ఒకర్ని నిలబెట్టే మెట్ల వరుస అని 1936లో బాబాసాహెబ్ వాదించింది ఇందుకే.

అందుకే చేతిపని పవిత్రం అని ఊరికే పొగిడే మాటలకు మనం మోసపోవద్దు. మంగలి కులంలో పుట్టిన ఉపాలికి బుద్ధుడు, "నీ కత్తి గొప్పది, దాన్నే పట్టుకొని ఉండు" అని చెప్పలేదు. శాక్య రాకుమారుల కంటే ముందు సంఘంలో చేర్చుకున్నడు, వాళ్ళు అతనికి మొక్కేటట్లు చేసిండు. మన పక్కనున్న నారాయణపేట చీరను మనం మెచ్చుకుందాం. కానీ మగ్గం ఉన్న ఇంటి పిల్ల ఇంజనీరు అయితే "అయ్యో, కళ పోతున్నది" అని ఏడవొద్దు. ఆ పిల్ల తోవ ఆ పిల్లది.

అట్లయితే పెద్దల మాటే గెలిచిందా? పూర్తిగా కాదు. 1945లో వచ్చిన పుస్తకంలో గాంధీవాదాన్ని విమర్శిస్తూ బాబాసాహెబ్ తీరిక గురించి రాసిండు. తీరిక లేకుంటే మనిషి బతుకు పశువు బతుకు లెక్కనే ఉంటదని, సంస్కృతి తీరికలో నుంచే పుడుతదని, ఆ తీరికను యంత్రం ఇస్తదని ఆయన వాదన. తాండూరు నాపరాయి గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో వారమంతా దుమ్ములో నిలబడే అక్కకు, అన్నకు ఆదివారం ఏమున్నది? టీవీ, లేదంటే సారా. తీరిగ్గా కూర్చొని, లాభం చూడకుండా, తన కోసం ఒక అందమైన వస్తువు చేసుకునే హక్కు డబ్బున్నోళ్ళకే రాసిచ్చింది కాదు. మన తాతలకు పని దొరికింది గానీ ఆట దొరకలేదు. తొట్టి కాడ కూర్చొని నవ్వుకునే ఆ గంట కూడా మనం గెలుచుకోవాల్సిందే.

కాబట్టి మన విహారాల్లో అద్దకం పెట్టుకుందాం. కొన్ని షరతులతో పెట్టుకుందాం. ఇష్టమున్నోళ్ళే రావాలి. "మీ కులం పని గదా, నీకు చేతనైతది" అన్న మాట ఎవరి నోటా రావద్దు. గుడ్డలు ఉతికి గంజి వదలగొట్టుడు, చాయ పెట్టుడు ఆడవాళ్ళ మీద వేసి, ముంచుడు మాత్రం మగవాళ్ళు చేస్తామంటే అది ధమ్మం కాదు. సున్నం చేతులు కొరుకుతది, గ్లౌజులు వేసుకోవాలి. మన తాండూరు కందిగింజల్నే గుడ్డలో పెట్టి దారంతో బిగిస్తే తెల్లటి చుక్కలు పడుతయి. రెండు నాపరాయి ముక్కల మధ్య మడిచి కడితే గళ్ళు వస్తయి. ఒక్క మునకకు లేత నీలమే వస్తది, ముదురు కావాలంటే మళ్ళా మళ్ళా ముంచాలి. శీలం కూడా ఒక్కనాటి ప్రతిజ్ఞతో పట్టే రంగు కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటది? మిగిలిన సున్నపు నీళ్ళు వాగులో పారబోయొద్దు. మన అనంతగిరి నీళ్ళే మూసీ అయి పోతున్నయి.

ఒక మాట మరువొద్దు. అద్దకం తెలిసిన రంగ్రేజును పిలిపించుకుంటే ఆయన అడిగిన కూలి పూర్తిగా ఇవ్వాలి. ఆయన్ని గురువు స్థానంలో కూర్చోబెట్టాలి. పని అయినాక అందరం ఒకే బంతిలో కూర్చోవాలి. నీలి అంటిన ఆ చేతులతోనే ఆయన వడ్డిస్తే, మనువు తినొద్దన్న ఆ అన్నాన్ని మనం కడుపునిండా తినాలి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!