శబ్దవేధి నుండి థర్మల్ స్కోప్ వరకు: రాత్రివేటలో గుర్తింపు ధర్మం

ఉపోద్ఘాతం

వేట మానవుని అతి ప్రాచీన వృత్తులలో ఒకటి. దానికి ప్రకృతి విధించిన హద్దులలో చీకటి ముఖ్యమైనది. పగలు వేటగాడిది, రాత్రి మృగానిది అన్న అలిఖిత విభజన చాలాకాలం కొనసాగింది. దేహాల నుండి వెలువడే వేడిని బొమ్మగా మార్చి చూపే థర్మల్ స్కోప్ ఈ విభజనను దాదాపు చెరిపివేసింది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పంటలను నాశనం చేసే అడవిపందులను రాత్రిపూట ఈ పరికరంతో వేటాడటం నేడు సాధారణం. 2019 నుండి అక్కడ ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో ఈ పందులను వేటాడటానికి లైసెన్సు కూడా అవసరం లేదు. జర్మనీ 2020లో తన ఆయుధ చట్టాన్ని సవరించి, వేటగాళ్లకు రాత్రిదృష్టి పరికరాలపై ఉన్న నిషేధాన్ని కొంతమేర సడలించింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని అడవిపందిలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ తొలిసారి బయటపడింది.

భారతదేశంలో పరిస్థితి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మనుషుల ప్రాణానికి, పంటలకు ముప్పు కలిగించే కొన్ని సందర్భాలలో మాత్రమే అధికారుల అనుమతితో మినహాయింపు ఇచ్చింది. కనుక తెలుగు పాఠకునికి ఈ పరికరం కొనుగోలుకు సంబంధించిన విషయం కాదు. కాని అది లేవనెత్తే ప్రశ్న తెలుగువారికి రామాయణం ద్వారా చిరపరిచితం. కంటికి అందని ప్రాణిని మరొక సాధనంతో పసిగట్టి చంపేవాడికి, తాను చంపుతున్నది ఏమిటో తెలుసుకోవలసిన బాధ్యత ఎంత? మొదటి థర్మల్ స్కోప్‌ను ఎంచుకునే వ్యక్తి నిర్ణయాన్ని ఆధారం చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దశరథుని రాత్రివేట

వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో, రాముడు అడవికి వెళ్లిన ఆరవనాటి రాత్రి, దశరథుడు కౌసల్యకు తన యౌవనం నాటి దుష్కృత్యాన్ని చెప్పుకుంటాడు. అప్పటికి ఆయన యువరాజు. వర్షాకాలం. సరయూతీరంలో నీటికి వచ్చే అడవిదున్ననో, ఏనుగునో, మరొక మృగాన్నో కొట్టాలని చీకటిలో పొంచి ఉన్నాడు. కుండలో నీరు నిండుతున్న చప్పుడు ఏనుగు ఘీంకారంలా వినిపించింది. బాణం వదిలాడు. అది అంధులైన తల్లిదండ్రుల కోసం నీరు ముంచుకుంటున్న తాపసకుమారునికి తగిలింది.

ఈ వృత్తాంతాన్ని సాధారణంగా కర్మఫలానికీ, పుత్రశోకశాపానికీ నిదర్శనంగా చదువుతారు. కాని దశరథుని ఆత్మవిమర్శలో మరొక అంశం ఉంది. శబ్దవేధి అన్న కీర్తి తనను ఈ పాపానికి పురికొల్పిందని ఆయన గుర్తిస్తాడు. తెలియక విషం తిన్న బాలునితో తనను పోల్చుకుంటాడు. అంటే తప్పు గురి తప్పడం వల్ల జరగలేదు. గురి ఏమాత్రం తప్పలేదు. చప్పుడు ఎక్కడిదో చెప్పగల విద్య, ఆ చప్పుడు ఎవరిదో కూడా చెప్పగలదన్న భ్రమను ఆయనలో కలిగించింది. నేర్పు పెరిగిన కొద్దీ సందేహించే అలవాటు తగ్గింది.

కాళిదాసు రఘువంశం తొమ్మిదవ సర్గలో ఈ కథకు మరొక మెలిక పెట్టాడు. రాజు అడవి ఏనుగును చంపడం నిషిద్ధమనీ, దశరథుడు ఆ నిషేధాన్ని అతిక్రమించాడనీ సూచించాడు. అంటే అక్కడ నిజంగా ఏనుగే ఉన్నా తప్పు తప్పే. దీనివల్ల రెండు ప్రశ్నలు విడివడుతున్నాయి. ఎదురుగా ఉన్నది ఏమిటి అన్నది మొదటిది. దాన్ని చంపవచ్చునా అన్నది రెండవది. మొదటిదానికి నిశ్చయమైన సమాధానం లేనిదే రెండవదాన్ని అడగడం కూడా సాధ్యం కాదు.

సంశయ స్వరూపం

మొదటి ప్రశ్నను న్యాయదర్శనం శాస్త్రీయంగా చర్చించింది. దూరాన మసక వెలుతురులో నిలువుగా ఒక ఆకారం కనిపిస్తుంది. అది చెట్టు మోడా, మనిషా? ఎత్తు, లావు అనే సమానధర్మాలు రెండింటికీ ఉన్నాయి. తొర్ర, కొమ్మ వంటివి గాని, చేతులు, కాళ్లు వంటివి గాని కనిపించడం లేదు. సమానధర్మం గోచరించి విశేషధర్మం గోచరించని ఈ స్థితి సంశయానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. విశేషధర్మ దర్శనంతోనే సంశయం నిర్ణయంగా మారుతుంది.

దాదాపు ఇదే విభజనను 1958లో జాన్ జాన్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సైనిక పరికరాల కోసం అంకెలలో చెప్పాడు. బొమ్మలో ఒక వస్తువు ఉన్నదని పసిగట్టడానికి దాని కనిష్ఠ కొలత మీద సుమారు ఒక రేఖాయుగ్మం చాలు. అది ఏ జాతికి చెందినదో పోల్చుకోవడానికి నాలుగు కావాలి. కచ్చితంగా ఏదో గుర్తించడానికి ఆరుకు మించి కావాలి. నేటి పరికరాల భాషలో ఇవి సుమారు 2, 8, 13 పిక్సెళ్లు. పైగా ఈ కొలతలు చూసేవారిలో సగంమంది సరిగా చెప్పగలిగే స్థాయికి నిర్దేశించినవే. కనుక ఆ హద్దు దగ్గర కూడా పొరపాటుకు చాలా చోటుంది.

పరికరం చూపేది, చూపనిది

థర్మల్ స్కోప్ సుమారు 8 నుండి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాలను గ్రహిస్తుంది. మామూలు గాజు ఈ కిరణాలను సాగనివ్వదు కాబట్టి లెన్సును ఎక్కువగా జెర్మేనియంతో చేస్తారు. పరిసరాల కన్నా వెచ్చగా ఉన్న దేహం తెరమీద తెల్లని ఆకారంగా తేలుతుంది. రంగు ఉండదు. చుట్టుపక్కల ఉష్ణోగ్రతతో సమానంగా ఉన్న కంచెతీగ, ఎండుకొమ్మ కనిపించకపోవచ్చు. పొగమంచు, వాన బొమ్మను మసకబారుస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. 12 మైక్రాన్ల పిక్సెళ్లు, 35 మిల్లీమీటర్ల లెన్సు గల స్కోపులో ఒక్కో పిక్సెలు కిలోమీటరు దూరంలో సుమారు 34 సెంటీమీటర్ల మేర చూస్తుంది. 60 సెంటీమీటర్ల ఎత్తున్న పందిని ఇది సుమారు 875 మీటర్ల నుండి పసిగడుతుంది. నాలుగుకాళ్ల జంతువని పోల్చుకోవాలంటే సుమారు 219 మీటర్లకు చేరాలి. అది పందే, దూడో కుక్కో కాదు అని చెప్పాలంటే సుమారు 135 మీటర్ల లోపల ఉండాలి. పసిగట్టే దూరం గుర్తించే దూరానికి ఆరు రెట్లకు పైగా ఉంది. ఈ రెండు అంకెల నడుమ ఉన్న 740 మీటర్ల నేల సంశయక్షేత్రం. దశరథుని బాణం అక్కడే పడింది.

మొదటి స్కోపును కొనేవారి ముందుకు తొలుత వచ్చేది పెద్ద అంకె. గుర్తింపు దూరాన్ని వారే లెక్కగట్టుకోవాలి. ఇక్కడ కొన్ని అపోహలు ఉన్నాయి. పిక్సెలు పరిమాణం, లెన్సు మారకుండా 384 అడ్డుపిక్సెళ్ల సెన్సారు స్థానంలో 640 పిక్సెళ్లది తీసుకుంటే గుర్తించే దూరం పెరగదు. 100 మీటర్ల వద్ద కనిపించే వెడల్పు మాత్రం సుమారు 13 మీటర్ల నుండి 22 మీటర్లకు పెరుగుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్సు తీసుకుంటే గుర్తింపు సుమారు 190 మీటర్లకు చేరుతుంది, కాని చూపు ఇరుకవుతుంది. గురిపెట్టిన జంతువు పక్కన, వెనుక ఏముందో తెలియడం తగ్గుతుంది. డిజిటల్ జూమ్ ఉన్న పిక్సెళ్లనే పెద్దవి చేసి చూపుతుంది. అది విశేషధర్మాన్ని కొత్తగా చేర్చదు.

మరొక ఎంపిక నేరుగా నైతికమైనది. స్కోపు తుపాకికి బిగించి ఉంటుంది. దానితోనే పొలమంతా వెతికితే, కనిపించిన ప్రతి వెచ్చని ఆకారం వైపుకూ తుపాకి గొట్టం తిరుగుతుంది. కాపలాకు పడుకున్న రైతు కూడా ఒక వెచ్చని ఆకారమే. అందుకే వెతకడానికి చేతిలో పట్టుకునే థర్మల్ మోనాక్యులర్‌ను వేరుగా ఉంచుకుని, గుర్తించిన తరువాతే తుపాకి ఎత్తడం మేలైన పద్ధతి. డబ్బు పరిమితమైనప్పుడు ఖరీదైన ఒక్క స్కోపు కన్నా, మధ్యరకం స్కోపునూ చిన్న మోనాక్యులర్‌నూ కలిపి ఎంచుకోవడం ఈ దృష్టితో సమంజసం. చూడటాన్నీ చంపడాన్నీ రెండు వేర్వేరు క్రియలుగా నిలిపి ఉంచడమే దీనిలోని ధర్మం.

సమన్యాయం, దాని పరిమితి

థర్మల్ స్కోపుపై తరచు వినిపించే ఆక్షేపణ వేరు. మృగానికి తప్పించుకునే అవకాశం లేకుండా చేయడం వేట కాదని దాని సారాంశం. స్పానిష్ తత్త్వవేత్త హొసే ఒర్తెగా ఇ గాసెట్ 1942లో వేట గురించి రాసిన వ్యాసంలో, ఆయుధాలు మెరుగయ్యే కొద్దీ మనిషి తనంతట తానే తన బలానికి హద్దులు విధించుకుంటాడని ప్రతిపాదించాడు. భారతీయ సంప్రదాయంలోనూ దీనికి చేరువైన ఆలోచన ఉంది. మహాభారతం ఆదిపర్వంలో జింకరూపంలో ఉన్న కిందముడు పాండురాజును నిందించింది జింకను చంపినందుకు కాదు, జంటగా కూడి ఉన్న సమయంలో చంపినందుకు. మనువు వేటను కామజ వ్యసనాలలో లెక్కించాడు. కౌటిల్యుడు కూడా దానిని వ్యసనంగానే పరిగణించినా, వ్యాయామాన్నీ, కోపభయాలలో మృగాల మనసెరిగే నేర్పునూ దాని గుణాలుగా అంగీకరించాడు. మృగం తెల్లని మచ్చగా మారినచోట ఆ ఎరుకకు చోటు తగ్గుతుంది.

అయితే ఈ ఆక్షేపణ వినోదం కోసం చేసే వేటకే పూర్తిగా వర్తిస్తుంది. పంటరక్షణకో, రోగ నివారణకో పందుల సంఖ్యను తగ్గించేటప్పుడు పందెపు న్యాయం అప్రస్తుతం. అక్కడ జంతువు తప్పించుకునే అవకాశం కన్నా, అది బాధపడకుండా ఒక్క దెబ్బకు చావడం ముఖ్యం. స్పష్టంగా చూపే పరికరం ఆ పనికి తోడ్పడుతుంది. కాబట్టి సమన్యాయ వాదం ఒక్కదానితోనే థర్మల్ స్కోపును తిరస్కరించడం కుదరదు. కాని వినోదమైనా, అవసరమైనా గుర్తింపు బాధ్యత మాత్రం సడలదు.

దీనికి రైతు పక్షం నుండి ఒక ప్రత్యుత్తరం ఉంది. నిశ్చయం కోసం ఆగితే మంద జారుకుంటుంది, తెల్లవారేసరికి చేను నేలమట్టమవుతుంది. ఆ నష్టం నిజమైనది, దానిని తేలికగా తీసివేయరాదు. కాని రెండు నష్టాల స్వభావం ఒకటి కాదు. జారుకున్న మంద మళ్లీ రావచ్చు. పోయిన పంటకు పరిహారం అడగవచ్చు. వదిలిన గుండును వెనక్కి పిలవడం సాధ్యం కాదు. పందుల కోసం పొలం చుట్టూ రహస్యంగా బిగించిన విద్యుత్తు తీగలు మనుషులను బలిగొన్న దుర్ఘటనలు తెలుగు నేలకు కొత్త కావు. తీగకు గుర్తించే శక్తి లేదు. తాకినదాన్నల్లా చంపుతుంది. గుర్తించగలిగి కూడా ఆగని వేటగాడు తనను తాను ఆ తీగ స్థాయికి దించుకుంటున్నాడు.

ముగింపు

పై చర్చ వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ఇంద్రియశక్తిని పెంచే సాధనం సంశయాన్ని తొలగించదు. దాన్ని మరింత దూరానికి జరుపుతుంది. రెండు, థర్మల్ స్కోప్ ఎంపికలో నైతికంగా ప్రధానమైన కొలత పసిగట్టే దూరం కాదు, గుర్తించే దూరం. ఆ దూరాన్ని ముందుగా లెక్కగట్టుకుని, దానికి లోపలే గుండు వదలాలన్న నియమం పెట్టుకున్నవాడే పరికరాన్ని ఎంచుకోవడానికి అర్హుడు. మూడు, చంపదగినదా అన్న ప్రశ్న, ఏమిటి అన్న ప్రశ్న తేలిన తరువాతే వస్తుంది.

దశరథుడు తన కథ చెప్పేటప్పుడు మోదుగపూల అందం చూసి ఫలాన్ని ఆశించి, మామిడితోపు నరికి మోదుగులకు నీళ్లు పోసినవానితో తనను పోల్చుకున్నాడు. పువ్వు కంటికి కనిపించింది, ఫలం ఏమిటన్నది తెలియలేదు. తెరమీద వెలిగే ఆకారం కూడా అటువంటి పువ్వే. దాని ఫలం ఏమిటో తెలిసేదాకా వేలు మీట మీదికి వెళ్లకుండా నిలపడం ఏ స్కోపూ చేయలేని పని. ఆ పని మనిషి మీదనే మిగిలి ఉంది.