మోసేవారిని మోసేదెవరు?

మంచాన పడిన పెద్దవారికి సేవ చేస్తూ విసుక్కుంటే పాపమా? ఈ ప్రశ్న పైకి అడిగేవారు తక్కువ, లోలోపల కుమిలేవారు ఎక్కువ.

కొండవీడు చుట్టుపక్కల పల్లెల్లోని ఒక ఇల్లు ఊహించుకోండి. అత్తగారికి పక్షవాతం. కొడుకులు ముగ్గురున్నా చాకిరీ ఒక్క కోడలిదే. తెల్లవారకముందే పక్కబట్టలు మార్చాలి, జావ పట్టాలి, వీపు పుండ్లు పడకుండా రెండేసి గంటలకు పక్కకు తిప్పుతుండాలి. మిరపకోతలకు వెళితే నాలుగు డబ్బులు వచ్చే రోజుల్లోనూ గడప దాటే వీలుండదు. ఫిరంగిపురం బాలయేసు గుడికి పోయి ఒక కొవ్వొత్తి వెలిగిద్దామన్నా తీరిక ఏది? ఏళ్ళు గడిచాక ఒకనాడు "ఇంకా ఎన్నాళ్ళు?" అనే మాట నోరు జారుతుంది. తర్వాత ఆ మాటే ఆమెను ముల్లులా గుచ్చుతుంది.

మోషే కూడా ఇలాగే అలసిపోయాడు. సంఖ్యాకాండము 11వ అధ్యాయం చూడండి. ఈ జనాన్నంతా నేనా కన్నది, దాది పసిబిడ్డను మోసినట్లు నేనే మోయాలా అని దేవునితో మొరపెట్టుకున్నాడు. ఇంతకంటే చావే మేలన్నాడు. దేవుడు అతనిని కసురుకోలేదు, ఇంకాస్త ఓర్చుకొమ్మనీ అనలేదు. బరువు పంచుకోవడానికి డెబ్బదిమంది పెద్దలను పోగుచేయమన్నాడు. మనమైతే "నీ సేవకు పరలోకంలో బహుమానం ఉందమ్మా" అనేసి ఇంటికి పోతాం!

విసుగు వేరు, నిర్దయ వేరు. అన్నం పెట్టకపోవడం, చేయి చేసుకోవడం పాపమే. అలుపు దానికి సాకు కాదు. కాని ఒళ్ళు, మనసు అరిగిపోయి వచ్చే విసుగు సాయం కోసం పెట్టే కేక. నాలుగవ ఆజ్ఞ బిడ్డలందరికీ చెప్పినది. నెలకింత పంపి చేతులు దులుపుకున్న పట్నపు కొడుకు ఈ సంగతి పాపసంకీర్తనంలో చెప్పుకుంటాడా? చెప్పుకుని ఏడ్చేది ఆ కోడలే.

2024 జూలై నుండి మన రాష్ట్రంలో పక్షవాతంతో మంచానికే పరిమితమైన అర్హులకు నెలకు రూ.15,000 పింఛను ఇస్తున్నారు. మంచిదే. మందులు, దుప్పట్లు కొనవచ్చు. ఆమెకు ఒక రాత్రి నిద్ర మాత్రం దానితో రాదు.

మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చారు. మన మరియ సేనాదళం వారు రోగుల ఇళ్ళకు వెళ్ళి జపమాల చెబుతారు కదా! ఈసారి వెళ్ళినప్పుడు ఇద్దరు ఆ మంచం దగ్గరే రెండు గంటలు ఉండిపోండి. ఎలా తిప్పాలో ఆమెనే అడిగి నేర్చుకోండి. ఆ సమయంలో ఆమె గుడికి వెళితే సరే. పడుకుని నిద్రపోతే లేపవద్దు. ఎడారిలో సొమ్మసిల్లిన ఏలీయాకు దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చాడు.