ముందు మన మోరీని చూడు బిడ్డా

బిడ్డా,

పర్యావరణం మీద పోస్టర్ల పోటీ ఉందనీ, డ్రాయింగ్ షీటు కూడా తెచ్చుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. నిన్న సాయంత్రం నువ్వు ట్యూషన్‌కు పోయినప్పుడు నీ బల్ల మీది పెన్సిలు గీతలు చూశాను. భూగోళం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు, పైన ఒక మొక్క. గీత శుభ్రంగా ఉంది, ఆ వేళ్లయితే ఎంత బాగా కుదిరాయో! కానీ అది ఫోనులో చూసి వేసిన బొమ్మ. పోటీకి వచ్చే పిల్లల్లో చాలామందికి అదే దొరికి ఉంటుంది. రంగులు తియ్యకముందే ఈ నాలుగు మాటలు నీ చెవిన వెయ్యాలనిపించింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పోటీలో క్యాలెండరు చూసి బొమ్మ వేశాను. కొండల నడుమ సూర్యుడు, ఏటి ఒడ్డున వంగిన కొబ్బరి చెట్లు. బహుమతి కూడా వచ్చింది. ఇచ్చేముందు ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి "మీ ఇల్లెక్కడ నాయనా?" అన్నాడు. మట్టెవాడ అన్నాను. "అక్కడ కొబ్బరి చెట్లు బాగా ఉంటాయా?" అని అడిగాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడాయన. నా దగ్గర జవాబు లేదు. మా గల్లీ మొదట్లో పెద్ద వేపచెట్టు ఉండేది. దాని మొదట్లో పసుపు రాసిన రాళ్లు, ఎండాకాలం దాని నీడన నులకమంచాలు. రోజూ చూసినవే, ఒక్కటీ నా బొమ్మలోకి రాలేదు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. నేను గీసిపెట్టుకున్న కాగితమైనా లేదు.

అందుకే చెబుతున్నా, నువ్వు కళ్లతో చూసింది గియ్యి. మనకు తక్కువేముంది? భద్రకాళి చెరువు ఇక్కడే మన వరంగల్‌లో ఉంది, కాకతీయుల నాటిది. 2023 జులై వానలు నీకు గుర్తుండే ఉంటాయి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసిన వాన అది. మన నగరంలో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. పోతన నగర్ దగ్గర చెరువు కట్టకు గండి పడింది. బియ్యం సంచి ఎక్కడ పెట్టాలా అని మీ నాయనమ్మ ఇల్లంతా తిరిగింది. మళ్లీ 2024 నవంబరులో పూడిక తియ్యడానికి ఆ చెరువునే ఖాళీ చేశారు. కట్ట మీద నిలబడి ఆ నల్లటి బురదను చాలాసేపు చూశాను. నిండిన చెరువుకు మొక్కిన కళ్లకు అది చూడటం కష్టంగానే ఉండింది.

వాన నీళ్లు పోవడానికి దారి కావాలి. ఆ దారి మన గడప ముందటి మోరీతోనే మొదలవుతుంది. రేపు పొద్దున పాలకు పోయేటప్పుడు మూలమీద కల్వర్టు దగ్గర ఒక్క నిమిషం వంగి చూడు. కూరగాయల కవరు ఒకటి గాలి పట్టి కప్పలా ఉబ్బి కూర్చుంటుంది. దానికి ఛాయ్ కప్పు తగులుకుంటుంది, కప్పుకు పాల ప్యాకెట్టు, దానికి కొబ్బరి పీచు. వాటి వెనక మట్టి చేరుతుంది. మన చేతులతో మనమే కట్టుకున్న ఆనకట్ట. నీ బొమ్మ అక్కడ ఉంది.

పోస్టరు గోడకు పెట్టుకునే బొమ్మ లాంటిది కాదు. పోచమ్మ మైదాన్‌లో బండి మీద పోయేవాడు తల తిప్పి చూసినంతసేపట్లో అర్థం కావాలి. కాబట్టి చెట్టూ, పొగగొట్టమూ, చేపా, ఏనుగూ అన్నీ ఒక్క షీటులో ఇరికించకు. ఒకే ఒక్కటి, పెద్దగా వెయ్యి. మాటలు ఐదు దాటనియ్యకు. అక్షరాలు ముందు పెన్సిలుతో లెక్కపెట్టి చోటు చూసుకో, లేకపోతే చివరి రెండు అక్షరాలూ అంచున నలిగిపోతాయి. మన అక్షరాలకు కింద కూడా జాగా కావాలి. 'చెత్త' అని రాసినా 'వద్దు' అని రాసినా ఒత్తు కిందికి దిగుతుంది. ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు వద్దు, కళ్లు చెదురుతాయి, ఆ రెండు రంగులకూ తేడా తెలియనివాళ్లు కూడా ఉంటారు. పసుపు మీద నలుపు దూరానికి బాగా కనపడుతుంది. వేశాక గోడకు ఆనించి పది అడుగులు వెనక్కి పోయి, కళ్లు సగం మూసి చూడు. అప్పుడు కూడా విషయం తెలిస్తే అది పోస్టరు.

థర్మాకోల్ అక్షరాలు అతికిద్దామనుకున్నావట. వద్దమ్మా. 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల్లో అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా ఉంది. వంద మైక్రాన్లకన్నా పలుచటి పీవీసీ బ్యానర్లూ ఉన్నాయి. మెరుపుల పొడి కూడా చాలావరకు ప్లాస్టిక్కే, చెయ్యి కడిగితే పోయేది మళ్లీ మన మోరీలోకే. ఇవేవీ లేకుండా బొమ్మ బాగుండదంటావేమో. 2016లో జిల్లాలు మారేదాకా చేర్యాల మన జిల్లాలోనే ఉండేది. అక్కడి నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల బంక పట్టించి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద ఊరూరా చెప్పుకునే కథలు గీశారు. మెరుపుల పొడి లేకుండానే ఆ బొమ్మలు జనాన్ని కూర్చోబెట్టాయి. నీకు కాగితం, నాలుగు రంగుడబ్బాలు, ఒక మంచి కుంచె చాలు.

ఈసారి పేరు రాకపోతే మొహం చిన్నబుచ్చుకోకు. అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలుంటాయి, డిసెంబరు 14న ఇంధన పొదుపు దినం ఉంటుంది, అప్పుడు కూడా పిల్లలకు బొమ్మల పోటీలు పెడతారు. పోటీ అయిపోయాక నీ షీటు మాత్రం అడిగి వెనక్కి తెచ్చుకో. ఆ కల్వర్టు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయనను నేను అడుగుతాను, తన గోడకు అతికించుకుంటాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి లేపుతాను. పెన్సిలు చెక్కి పెట్టుకో, పాత నోటుబుక్కు ఒకటి తీసుకో. మోరీ వెంబడి ఎంతవరకు పోగలిగితే అంతవరకు ఇద్దరం నడుద్దాం.

మీ తాతయ్య