రెండో సీటు

మా తమ్ముడికి చిన్నప్పటినుంచీ ఏదో ఒకటిస్తే చాలదు. దోసెలోకి అల్లప్పచ్చడీ కావాలి, కొబ్బరిచట్నీ కావాలి. అమెరికా వెళ్ళి ఇరవయ్యేళ్ళయినా ఆ బుద్ధి పోలేదు. ఇప్పుడు విస్కాన్సిన్‌లో, కారు పెట్టుకునే షెడ్డులో విమానం కట్టుకుంటానంటున్నాడు!

నవ్వకండి. అక్కడది చట్టసమ్మతమే. సగానికి మించిన పని సరదాకో, నేర్చుకోడానికో సొంతవాళ్ళు చేసుకుంటే, ప్రభుత్వంవారు చూసి అనుమతిస్తారు.

మావాడికి చిన్న ఇంజను కావాలి, ఇద్దరికి చోటుండాలి, ఆకాశంలో పల్టీలు కొట్టాలి, దూరాలకు వేగంగానూ పోవాలి. బర్ట్ రూటాన్ గారి వేరీఈజ్ 100 హార్స్‌పవర్‌తోనే బాణంలా పోతుందట గానీ పల్టీలకు ఉద్దేశించింది కాదు. ఆర్‌వి-4 రెండూ చేస్తుంది, కానీ 150 హార్స్‌పవర్ అడుగుతుంది. చివరికి సోనెక్స్ దగ్గర ఆగాడు. 80 హార్స్‌పవర్, అంటే మన వీధిలో తిరిగే మామూలు కారంత. గంటకు 200 కిలోమీటర్లు దాటుతుందట. పల్టీ కొట్టాలంటే మాత్రం ముందు ముక్కు వంచి వేగం తెచ్చుకోవాలి. అందులో పోయిన ఎత్తుని, అప్పు తీర్చినట్టు మెల్లగా ఎక్కి సంపాదించుకోవాలి.

నేను అక్కడికి వెళ్ళినప్పుడు మరదలు ఆ కాగితాలు నాముందు పెట్టింది. "చూడండి వదినా, మొత్తం బరువు 1100 పౌన్లు ఉండొచ్చట. పల్టీలకైతే 950 దాటకూడదట."

తీసేసి చూశాను. 150 పౌన్లు, 68 కిలోలు. అంటే అచ్చంగా నేనే!

చట్టం కూడా అలాగే ఉంది. ఒక్కడే ఉంటే ఎన్ని పల్టీలు కొట్టినా ప్యారాచూట్ అడగదు. పక్కన ప్రయాణికులుంటే, కావాలని 60 డిగ్రీలు దాటి వాల్చాలంటే ఇద్దరూ కట్టుకోవాల్సిందే. వాడి ప్రాణం వాడిష్టం, పక్కవాళ్ళది కాదు అన్నమాట. బాగానే ఉంది. కానీ పక్కసీటు ఖాళీ అయినంతమాత్రాన వాడు ఒంటరివాడైపోతాడా? కింద మెడ పైకెత్తి నిలబడే మరదలికి ప్యారాచూట్ ఎవరు కడతారు?

ఈ మాట వాడితో అనేద్దామనుకున్నాను. అంతలో నాన్నగారి స్కూటరు గుర్తొచ్చింది. ముందు తమ్ముడు, వెనక అమ్మ, మధ్యలో నేను. ఏ కాగితం మీదా ఎవరూ ఏ లెక్కా వెయ్యలేదు. వీడు నయం, పౌన్లతో సహా రాసిపెట్టుకున్నాడు. అయినా మనసొప్పలేదు, ఏం చెయ్యను!

"పూర్తయ్యాక ఎక్కుతావా అక్కా?" అన్నాడు.

"పల్టీలు కొట్టనంటే ఎక్కుతాను."

"నువ్వెక్కితే కొట్టనేకూడదక్కా, బరువు!" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

మరదలు నవ్వలేదు.