విన్నామా, వినిపించుకున్నామా?



యేసు ప్రభువు గొప్ప జనసమూహానికి బోధిస్తున్నారు. ఇంతలో ఒకడు మధ్యలో అందుకొని, తండ్రి ఆస్తిలో తన వాటా పంచి ఇవ్వమని తన సహోదరునితో చెప్పమన్నాడు. లూకా సువార్త 12వ అధ్యాయంలో ఈ సంఘటన ఉంది. ప్రభువు స్వరం ఆ మనిషి చెవిన పడుతూనే ఉంది. కాని అతని మనసంతా ఆస్తి తగాదామీదే ఉంది. అతడు ప్రభువు మాట వినడానికి రాలేదు, తన మాట ప్రభువుచేత చెప్పించడానికి వచ్చాడు.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల విశ్వాసులకు ఈ సువార్త కొత్త కథ కాదు. ఒకప్పుడు ఇక్కడ చెరువుల కింద వరి పండేది, ద్రాక్షతోటలు ఉండేవి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వచ్చాక చేలు ప్లాట్లయ్యాయి. ఎకరాల్లో లెక్కించిన నేలను గజాల్లో లెక్కిస్తున్నారు. నేల ధర పెరిగేకొద్దీ తోబుట్టువుల మధ్య మాటలు తగ్గిన ఇళ్లు ఉన్నాయి. వారంతా ఆదివారం ఒకే గుడిలో, ఒకే వాక్యం వింటారు.

ప్రభువు ఆ మనిషికి తీర్పరి కాలేదు. దురాశ గురించి హెచ్చరించి, పెద్ద కొట్లు కట్టుకోవాలనుకొని ఆ రాత్రే ప్రాణం విడిచిన ధనికుని కథ చెప్పారు. అయితే న్యాయమైన వాటా అడగడం పాపమా? కాదు. వీలునామా లేకుండా మరణించిన క్రైస్తవుని ఆస్తిలో కుమారులకు, కుమార్తెలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం సమాన వాటా ఇచ్చింది. చెల్లెలి వాటా తొక్కిపెట్టి, ఆమెకు మాత్రం దురాశ వద్దని బోధించడం వాక్యాన్ని వినడం కాదు, వాడుకోవడం.

చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రసంగం వింటూ, "ఈ మాట మా అన్న వింటే బాగుండును" అనుకుంటాం. అన్న కూడా మన గురించి అలాగే అనుకుంటాడు. యాకోబు లేఖ వాక్యాన్ని అద్దంతో పోల్చింది. అద్దంలో మొదట చూసుకోవలసింది మన ముఖమే కదా! వాటా అడిగేవాడు తనలోని ఆశను, వాటా ఆపినవాడు తన చేతిలో ఉన్న పరాయి సొత్తును చూసుకోవాలి.

శ్రీసభ తన బిడ్డలకు వాక్యపు బల్ల వద్ద, క్రీస్తు శరీరపు బల్ల వద్ద ఆహారం పెడుతుందని రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించింది. సామాన్యకాలపు మూడవ ఆదివారాన్ని దైవవాక్య ఆదివారంగా కొనియాడాలని ఫ్రాన్సిస్ పాపుగారు 2019లో నిర్ణయించారు. అయితే ఈ ఆహారం ఏడాదికి ఒక్కనాటిది కాదు.

కనుక ఈ ఆదివారం పూజ తరువాత ఇంటిల్లిపాది కూర్చొని ఆనాటి సువార్తను మళ్లీ చదవండి. కాసేపు మౌనంగా ఉండండి. తరువాత ప్రతి ఒక్కరూ, "ప్రభువా, నన్ను ఏమి చేయమంటున్నావు?" అని అడగండి. పక్కవారి గురించి అడగవద్దు. జవాబుగా ఎవరి ఇల్లు గుర్తుకు వస్తుందో, ఆ ఇంటికి వెళ్లి తలుపు తట్టండి.