తమ్ముడు నన్ను సార్ అన్న రోజు

అది 2022 జూన్. బడులు తెరిచిన మొదటి వారం. మా స్టాఫ్ రూములో రెండు ఫ్యాన్లూ తిరగడం లేదు. ఎనిమిదో తరగతి గదిలో స్విచ్చు ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుందని పిల్లలు చెప్తున్నారు. హెడ్మాస్టరు మండల కేంద్రంలోని కరెంటు సామాన్ల దుకాణానికి ఫోన్ చేసి ఎవరన్నా వైర్‌మన్‌ను పంపమన్నాడు. మేం అన్నాలు తినే వేళకు బడి ముందర బండి ఆగింది. భుజాన సంచి వేసుకుని వచ్చింది నా తమ్ముడు.

నా తోడబుట్టినవాడు. నాకంటే మూడేళ్ళు చిన్న. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఎడ్ చదివినవాడు. నేను లేచి "మా తమ్ముడు" అనాలి. రెండే మాటలు. నోరు పెగల్లేదు. వాడు ఒక్క క్షణం నా మొహం చూశాడు. చూసి, అందరికీ పెట్టినట్టే నాకూ ఒక దండం పెట్టి, "నమస్తే సార్, మెయిన్ ఎక్కడున్నది?" అని అడిగాడు.

"వరండాలో ఉంది, చూడండి" అన్నాను. పుట్టినకాడినుంచి వాణ్ని 'అరేయ్' అనకుండా పిలిచింది ఆ ఒక్కసారే.

గంటన్నర పని చేశాడు. చిమ్నీలో దూరినవాడిలా దుమ్ము కొట్టుకుపోయి, రెండొందల యాభై రూపాయలు తీసుకుని, రశీదు మీద సంతకం పెట్టి పోయాడు. ఆ సంతకం చూసి కూడా ఎవరికీ అనుమానం రాలేదు. వైర్‌మన్ ఇంటిపేరు ఎవరు చదువుతారు?

నేనెందుకు నోరు మూసుకున్నానన్నది ఇప్పుడు నాకు నేనే వేసుకుంటున్న ప్రశ్న. తేలికైన జవాబొకటి ఉంది. మా స్టాఫ్ రూములో ఒక సారు ఉండేవాడు. రిజర్వేషన్ల మాట వస్తే చాలు, "సీట్లు ఇయ్యొచ్చు గానీ తెలివి ఇయ్యలేం గదా" అని నవ్వేవాడు. మా తమ్ముడు ఎమ్మెస్సీ చదివి సంచి మోస్తున్నాడని తెలిస్తే ఆయన నోటికి మేత దొరుకుతుందని భయపడ్డాను. ఇది నిజమే. కానీ ఇదే మొత్తం నిజం కాదు. ఆ సారు ఆ రోజు సెలవులో ఉన్నాడు.

మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మాది నల్లగొండ వైపు ఒక ఊరు. మాదిగవాడలో చివరి ఇల్లు. మా తాత మోట తొండాలు కుట్టేవాడు. ఇప్పటి పిల్లలకు మోట అంటే తెలియదు. ఎద్దులను కట్టి బావిలోంచి నీళ్ళు తోడే బొక్కెన, దాని కింద తోలు తొండం. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు తీసి, లందలో సున్నంతో, తంగేడు చెక్కతో ఊరవేసి, దాన్ని కుట్టి ఇస్తేనే ఊరి పొలం తడిసేది. కూలి? కల్లం దగ్గర ఏడాదికోసారి పోసిన వడ్లు. ఎన్ని పోస్తే అన్ని. ధర అడిగే నోరు మా తాతకు లేదు.

తర్వాత ఊరికి కరెంటు వచ్చింది. బావుల మీద మోటార్లు కూచున్నాయి. రెండు మూడేళ్ళలో తొండం అడిగేవాడు లేకుండా పోయాడని మా నాయిన చెప్పేవాడు. నాయిన చెప్పులు కుట్టి బతుకుదామనుకున్నాడు. రబ్బరు చెప్పులు వచ్చి అదీ పోయింది. అప్పుడు ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. చేతిలో పనితనం ఉంది, తోలును తాకి మందం చెప్పగలడు. ఆ చేతికి ఇంకో పని నేర్పుదామని ఎవరన్నా అనుకున్నారా? మోటారు బిగించడానికి పట్నం నుంచి మనిషి వస్తే, నాయిన గట్టు మీద నిలబడి చూశాడట. దగ్గరికి పోతే "నీకేం పనిరా ఇక్కడ" అన్నారట. ఇంక మిగిలింది ఒకటే, పటేలు దగ్గర పాలేరుతనం.

1936లో లాహోరు సభ కోసం రాసిన ప్రసంగాన్ని, సభ రద్దయితే, అంబేద్కర్ తానే అచ్చేయించాడు. అదే 'కులనిర్మూలన'. అందులో ఒక వాదన ఉంది. కాలం మారి ఒక వృత్తి పోయినప్పుడు మనిషి ఇంకో వృత్తిలోకి మారాలి, కులం మారనివ్వదు, కాబట్టి నిరుద్యోగానికి కులం కూడా నేరుగా ఒక కారణమే అంటాడు. డిగ్రీలో ఉండగా చదివాను. అప్పుడు అది నాకు ఆర్థికశాస్త్రంలా కనపడింది. గట్టు మీద నిలబడ్డ మా నాయిన కనపడలేదు.

నాయిన తన ఆరెను, రంపెను గోనెసంచిలో చుట్టి వాసాల్లో పెట్టాడు. "ఇది నాతోనే పోవాలె. మీ చేతికి కలం తప్ప ఇంకోటి రావద్దు" అనేవాడు. మేం ఆ మాట నిలబెట్టాం. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. 2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. తమ్ముడికి రాలేదు. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ 2024 దాకా డీఎస్సీ పరీక్షే జరగలేదు. వాడు పట్నంలో ఒక ప్రైవేటు బడిలో పదకొండు వేలకు ఫిజిక్స్ చెప్పేవాడు. వాడి పాఠం నేను విన్నాను. నాకంటే బాగా చెప్తాడు. ఇది తమ్ముడని చెప్తున్న మాట కాదు.

2020 మార్చిలో బడులు మూసేశారు. వాడి జీతం ఏప్రిల్‌తోనే ఆగింది. ఆ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దేశం మొత్తం ఉత్పత్తి ముందటి ఏడాది అవే నెలలతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. తర్వాతి మూడు నెలలూ తగ్గుదలే. దాన్ని మాంద్యమన్నారు. మా వాడకట్టులో దాన్ని 'పనుల్లేని కాలం' అన్నారు. నా జీతం కొన్ని నెలలు సగం కోసి ఇచ్చినా వచ్చింది. వాడు మొదట కూరగాయలు అమ్మాడు. తర్వాత ఉపాధి హామీ పనికి పోయాడు. తట్ట మోస్తుంటే పాత విద్యార్థి తండ్రి చూసి "సారూ" అన్నాడట. ఆ రాత్రి అన్నం తినలేదు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, ఇరవై అయిదు కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. అప్పటికే వాడు వేరే దారి పట్టాడు.

జిల్లాల్లో లీడ్ బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి. తిండి, వసతి పెట్టి ముప్పై రోజుల్లో ఇంటి వైరింగు నేర్పుతారు. ఫీజు లేదు. 2021 మొదట్లో చేరాడు. ఒహమ్ సూత్రం బోర్డు మీద రాసి చెప్పినవాడు గోడకు గాడి కొట్టడం నేర్చుకున్నాడు. లైట్లకు ఒకటిన్నర వైరు, ప్లగ్గులకు రెండున్నర. ఎర్రది ఫేజు, నల్లది న్యూట్రల్, పచ్చది ఎర్తు. స్విచ్చు ఎప్పుడూ ఫేజు మీదనే పెట్టాలి. న్యూట్రల్ మీద పెడితే లైటు ఆరుతుంది గానీ హోల్డర్‌లో కరెంటు అట్లనే ఉంటుంది. "ఆరిపోయింది గదా అని చెయ్యి పెట్టినోడు పోతడన్నా" అన్నాడు. ఫిజిక్సులో ఇదంతా వాడికి తెలిసిందే. చేతికి తెలియదు. చేతికి తెలియడానికి ముప్పై రోజులు చాలలేదు. ఆ సర్టిఫికెట్టు చూసి ఎవరూ పని ఇవ్వలేదు. పట్నంలో ఒక ముస్లిం ఉస్తాద్ దగ్గర ఎనిమిది నెలలు హెల్పర్‌గా తిరిగాడు. ఉస్తాద్ తన టిఫిన్‌లో వాడికి చెయ్యి పెట్టనిచ్చాడు. ఏమిట్లని అడగలేదు. తర్వాత ఇంకో నెల మోటార్లు చుట్టడం నేర్చుకున్నాడు. మా దిక్కు బోర్లు ఎక్కువ, ఎండాకాలం మోటార్లు కాలుతూనే ఉంటాయి. తాత తొండాన్ని మింగిన మోటారును మనవడు విప్పి చుడుతున్నాడు.

ఇక్కడ నాకొక అనుమానం ఉంది, దాచను. శిక్షణలో వాడితో ఉన్న ముప్పై మంది దాకా పిల్లలూ ఎస్సీలు, బీసీలు, ముస్లింలే. నైపుణ్యం నైపుణ్యమని పెద్దలు ఉపన్యాసాలిస్తుంటే, ఏ పిల్లల గురించి అంటున్నారో చూడాలి. 1953లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం పిల్లలకు ఒక పూట బడి, మిగతా పూట తండ్రి వృత్తి అని పథకం పెట్టింది. పెరియార్, డీఎంకే వాళ్ళు అది కులవిద్య అని లేచారు. కామరాజ్ వచ్చాక 1954లో ఎత్తేశారు. చేతిపని గొప్పదని మాకు చెప్పేవాళ్ళు తమ పిల్లలను ఆ గొప్పదనానికి దూరంగానే ఉంచుతారని నా అనుభవం. అయితే మా తమ్ముడి సంగతి రాజాజీ పథకం కాదు. ఇది తండ్రి పని కాదు, తాత పని కాదు. ఊరు పనులు పంచిపెట్టిన నాడు కరెంటే లేదు, కాబట్టి ఇది ఎవరి కులవృత్తీ కాలేదు. రేటు వాడే చెప్తాడు. నచ్చకపోతే సంచి సర్దుకుని వస్తాడు. తాతకు ఆ రెండూ లేవు.

అట్లని కులం వాడి వెంట రావడం మానలేదు. ఒక కొత్త ఇంట్లో నాలుగు రోజులు పనిచేశాడు. చివరి రోజు ఇంటావిడ ఇంటిపేరు అడిగింది, ఊరు అడిగింది, ఊళ్ళో ఏ దిక్కు అని అడిగింది. వాడు చెప్పాడు. ఆమె మొహం మాడింది. "పూజగది మట్టుకు వేరేవాళ్ళతో చేయించుకుంటాం" అంది. "అది మొన్ననే అయిపోయిందమ్మా" అన్నాడు వాడు. మర్నాడు ఫోన్ వచ్చింది, ఇంట్లో కరెంటు పోయిందని. పోయి చూస్తే పూజగది బోర్డు మీద పసుపునీళ్ళు చల్లి ఉన్నాయి. బోర్డు విప్పి, తుడిచి, ఆరబెట్టి, మూడొందలు తీసుకుని వచ్చాడు. వాడు ఇది చెప్పి పడి పడి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే వరండాలో "చూడండి" అన్న నా గొంతు గుర్తొచ్చింది. ఆమె నీళ్ళు చల్లింది. నేను 'అండి' చల్లాను.

ఇదే అసలు సంగతి. తరగతిలో నేనే ఎన్నోసార్లు అన్నాను, "చదవకపోతే బర్లు కాస్తవురా" అని. ముందు బెంచీలో తల్లి బర్లు కాసే పిల్లవాడు తల దించుకునేవాడు. నేను కలం పట్టుకుని పైకి వచ్చాననుకున్నాను. వస్తూ వస్తూ, చేతిని కిందికి చూసే ఆ చూపును కూడా పటేలు ఇంటి నుంచే తెచ్చుకున్నాను. నాయిన ఆరెను వాసాల్లో పెట్టింది వేరే బాధతో. ఆయన పనిని అసహ్యించుకోలేదు, ఆ పనికి ఊరు పెట్టిన మొహాన్ని అసహ్యించుకున్నాడు. ఆ తేడా నేను పోగొట్టుకున్నాను.

కానీ తమ్ముడు పొందాడనే చెప్తే అదీ అబద్ధమే. 2022లో పాత బడివాళ్ళు మళ్ళీ పిలిచారు, పన్నెండు వేలు ఇస్తామన్నారు. పోలేదు. అప్పటికి దానికి రెట్టింపు సంపాదిస్తున్నాడు. 2024 డీఎస్సీ రాశాడు, కొద్దిలో పోయింది. అప్పుడప్పుడు మా చిన్నదాన్ని కూచోబెట్టుకుని లెన్సుల పాఠం చెప్తాడు, అడగకపోయినా. చెప్తూ చెప్తూ ఆగిపోయి "మర్చిపోతున్ననే" అంటాడు.

ఆ బడి సంగతి మేమిద్దరం ఏడాది దాకా ఎత్తలేదు. ఒక రాత్రి నాయిన మాసికం నాడు ఇంటి వెనక ఎర్తు గుంత తీస్తున్నాడు, ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా పోస్తున్నాడు. "తాత లంద తీసిండు, నేను గీ గుంత తీస్తన్న" అని నవ్వాడు. నేను అప్పుడు అడిగాను, ఆ రోజు ఎందుకు సార్ అన్నవురా అని.

"నువ్వు పిలుస్తవేమోనని చూసిన. నీ మొహంల భయం కనపడ్డది. నీకు కష్టం ఎందుకని నేనే అన్న."

పోయిన నెల మళ్ళీ మా బడి బోర్డు కాలింది. హెడ్మాస్టరు ఆ పాత వైర్‌మన్ నంబరు వెతుకుతున్నాడు. "నా దగ్గర ఉంది సార్, మా తమ్ముడే" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నా దిక్కు చూశాడు. "మరి అప్పుడు చెప్పలేదేం?" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. ఫోన్ చేశాను. తమ్ముడు ఎక్కడో బోరు దగ్గర ఉన్నాడు, మోటారు పైకి తీస్తున్నారట, రాలేనన్నాడు. పని నేర్చుకుంటున్న పిల్లవాణ్ని పంపించాడు.